లింకు డాక్యుమెంట్లు చూడకుండా వేసిన దావా

2003 మార్చిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఎస్‌సీవో అనే చిన్న కంపెనీ ఐబీఎం మీద వంద కోట్ల డాలర్లకు దావా వేసింది. కొన్నాళ్లకు ఆ అంకెను 500 కోట్లు చేసింది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తమ సొత్తట. ఐబీఎం అందులోని కోడ్ తెచ్చి, ఎవరైనా ఉచితంగా వాడుకునే లినక్స్‌లో కలిపేసిందట. లినక్స్ వాడే దాదాపు 1,500 కంపెనీలకు హెచ్చరిక లేఖలూ వెళ్లాయి. ప్రాసెసర్‌కు 699 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకుంటే మీ జోలికి రామన్నారు. అన్నట్టు, నిన్నమొన్నటిదాకా కాల్డెరా పేరుతో లినక్స్ అమ్ముకున్నది ఈ కంపెనీయే!

రుజువేదని అందరూ అడిగారు. ఆ ఆగస్టులో లాస్ వేగస్ సభలో కొన్ని కోడ్ వరుసలు తెర మీద చూపించారు. రహస్యం బయటపడకుండా కొంత భాగానికి గ్రీకు అక్షరాలు తొడిగారు. మార్చింది ఫాంటు మాత్రమే కాబట్టి ప్రోగ్రామర్లు దాన్ని ఇట్టే చదివేశారు. చూస్తే అందులో ఒక ముక్క పాతకాలపు యూనిక్స్‌ది. ఆ పాత యూనిక్స్‌ను 2002లో స్వేచ్ఛగా వాడుకోమని వదిలేసింది కాల్డెరానే. ఏ ఫైల్లో ఏ వరుసలో చెప్పమని కోర్టు పదేపదే అడిగినా సరైన జవాబు రాలేదు. 2006లో మేజిస్ట్రేట్ బ్రూక్ వెల్స్ ఆరోపణల్లో చాలావాటిని ఆ కారణంతోనే కొట్టేశారు.

అసలు దెబ్బ మరోవైపు నుంచి తగిలింది. ఏటీ అండ్ టీ నుంచి యూనిక్స్ కొన్న నోవెల్ అనే కంపెనీ, 1995లో ఆ వ్యాపారాన్ని శాంతాక్రజ్ ఆపరేషన్ అనే మరో కంపెనీకి అమ్మింది. అక్కడి నుంచి 2001లో కాల్డెరాకు చేరింది. మన దగ్గర అరెకరం కొన్నా లింకు డాక్యుమెంట్లు తిరగేస్తాం. ఇక్కడ ఆ పని సరిగ్గా జరిగినట్టు లేదు. 1995 నాటి ఒప్పందంలో, అమ్మకంలో చేరని ఆస్తుల జాబితాలో కాపీరైట్లన్నీ ఉన్నాయి! 1996లో చేసిన సవరణ మాత్రం కొంత గందరగోళంగా ఉంది. ఎస్‌సీవో వాదన అన్నాళ్లు నిలబడిందంటే ఆ సవరణ పుణ్యమే.

నోవెల్‌తో నడిచిన కేసులో, కాపీరైట్లు ఆ కంపెనీవేనని 2007 ఆగస్టులో జడ్జి డేల్ కింబల్ తేల్చారు. మరుసటి నెలే ఎస్‌సీవో దివాలా పిటిషన్ వేసింది. ఇది జ్యూరీ తేల్చాల్సిన సంగతని 2009లో అప్పీలు కోర్టు కేసును తిప్పి పంపింది. 2010 మార్చిలో జ్యూరీ కూడా నోవెల్ పక్షమే చెప్పింది.

దీన్ని లినక్స్ విజయమని చాలామంది రాశారు. నాకలా అనిపించదు. ఒకరి కోడ్ మరొకరి చేతుల మీదుగా ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి చేరితే ఎవరిది బాధ్యత అన్న ప్రశ్న పూర్తి విచారణకే రాలేదు. ఐబీఎం కేసు 2021లో రాజీతో ముగిసింది. 500 కోట్లు అడిగిన చోట దివాలా ట్రస్టీ చేతికి వచ్చింది కోటీ 42 లక్షల 50 వేల డాలర్లు.