నీలి పెట్టె: పైలట్ పరీక్ష పూర్వాపరాలు

1926లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని క్రిస్సీ ఫీల్డ్ అనే సైనిక విమాన క్షేత్రంలో విలియం ఆకర్ అనే వైమానికుడు మామూలుగా జరిగే వైద్య పరీక్షకు హాజరయ్యాడు. అప్పటికే ఆయన చాలా ఏళ్ళ అనుభవమున్నవాడు. డేవిడ్ మైయర్స్ అనే సైనిక వైద్యుడు ఆయనను తిరుగుడు కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, కుర్చీని మెల్లగా తిప్పుతూ అది ఎటు తిరుగుతున్నదో చెప్పమన్నాడు. ఆకర్ మొదట సరిగ్గానే చెప్పాడు. వేగం తగ్గేసరికి కుర్చీ ఆగిపోయిందన్నాడు. అది నిజంగా ఆగాక, ఎదురు దిక్కుకు తిరుగుతున్నదన్నాడు. అంతటి అనుభవజ్ఞుడూ ఒక కుర్చీ ముందు ఓడిపోయాడు.

ఆకర్ ఆ ఓటమిని అక్కడితో వదిలిపెట్టలేదు. ఎల్మర్ స్పెర్రీ తయారుచేసిన టర్న్ ఇండికేటర్ అనే పరికరాన్ని ఆయన 1918 నుంచీ పరీక్షించి చూస్తున్నాడు. ఆ పరికరాన్నీ ఒక చిన్న దీపాన్నీ పెట్టెలో అమర్చి, ఆ పెట్టెలోకి మాత్రమే చూస్తూ మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి జవాబులు సరిపోయాయి. మారింది ఆయన శరీరం కాదు. తన శరీరం చెప్పేదాన్ని కాక పరికరం చెప్పేదాన్ని నమ్మాడు, అంతే.

మన లోపలి చెవిలో ఉండే ద్రవం తిరుగుడు మొదలవడాన్నీ ఆగడాన్నీ పసిగట్టగలదు గాని, ఒకే వేగంతో సాగిపోయే తిరుగుడును పసిగట్టలేదు. కింద నేల కనిపిస్తున్నంతసేపూ కళ్ళు ఆ లోపాన్ని సరిదిద్దుతాయి. మబ్బులో చిక్కుకున్న పైలట్‌కు ఆ ఆధారం ఉండదు. నేరుగా పోతున్నాననే అనుకుంటూ, సుడి తిరుగుతూ నేలను ఢీకొట్టిన వారెందరో. మంచి వైమానికుడు విమానాన్ని ఒంటితోనే గ్రహిస్తాడని ఆ కాలంలో గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఆకర్ పెట్టె చూపించింది. కార్ల్ క్రేన్‌తో కలిసి ఆయన పరికరాల ఆధారంగా విమానం నడపడం గురించి 1932లో ఒక పుస్తకం కూడా వెలువరించాడు.

నేను ఈ సంగతులన్నీ వెదికి చదవడానికి కారణం మా మేనల్లుడు. కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికి వచ్చి, ఒక విమాన సంస్థలో ఇంటర్వ్యూకూ సిమ్యులేటర్ చెక్‌కూ తయారవుతున్న రోజుల్లో, ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడగడానికి నన్ను పిలిచాడు. వాడి చదువు కోసం మా అక్కా బావా ఊళ్ళో పొలం తాకట్టు పెట్టారు. ఆ అప్పుకూ ఉద్యోగానికీ మధ్య ఇక మిగిలింది సిమ్యులేటర్లో ఒక గంట, బల్ల ముందు మరో అరగంట. ప్రశ్నల చిట్టా నా చేతిలో పెట్టి, "ఇవన్నీ ఎందుకు అడుగుతారో తెలిస్తే జవాబు దానంతట అదే వస్తుంది కదా మామయ్యా" అన్నాడు. విమానం నడపడం నాకు తెలియదు గాని, పాత సంగతులు తవ్వడం అలవాటు. తవ్వి చూడగా, ఆ చిట్టాలోని ముఖ్యమైన అంశాలు చాలావరకు ఎవరెవరివో చావుల మీద లేచి నిలబడినవేనని తేలింది.

సిమ్యులేటర్ పుట్టినచోటు పియానోల కర్మాగారం. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ పట్టణంలో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలూ ఆర్గన్లూ తయారుచేసే కంపెనీ ఉండేది. ఎడ్విన్ 1920లో కాలిఫోర్నియాలో యాభై డాలర్లు పోసి తొలి విమాన పాఠం తీసుకున్నాడు. ఆ పాఠంలో కంట్రోళ్ళను ముట్టుకోనేలేదట! నేర్చుకోవడం ఇంత ఖరీదు కాకూడదన్న పట్టుదలతో, 1927-29 మధ్య కర్మాగారం నేలమాళిగలో, ఆర్గన్లకు వాడే తోలు తిత్తులతో, గాలి పంపులతో ఒక చిన్న నకిలీ విమానం తయారుచేశాడు. స్టిక్ కదిపితే తిత్తుల్లో గాలి నిండి, లేదా ఖాళీ అయి, పెట్టె అటూ ఇటూ ఒరిగేది. సైన్యం గాని విమాన పాఠశాలలు గాని మొదట్లో దీనిని పెద్దగా పట్టించుకోలేదు. దాన్ని కొన్నవి ముఖ్యంగా వినోద ఉద్యానవనాలు. చాలామందికి అది పిల్లల రంగులరాట్నం వంటిదే.

ఆ చూపును 1934 మార్చింది. విమాన సంస్థలతో ఉన్న తపాలా ఒప్పందాలను అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఆ ఫిబ్రవరిలో రద్దుచేసి, ఉత్తరాలు మోసే పనిని సైనిక వైమానిక దళానికి అప్పగించాడు. అది నడి చలికాలం. రాత్రుళ్ళూ, మంచులోనూ, పొగమంచులోనూ ఎగరవలసి వచ్చింది. ఆ దళంలోని యువకుల్లో ఎక్కువమందికి పరికరాల ఆధారంగా నడిపే సాధన లేదు. జూన్ 1న ఆ ఏర్పాటు ముగిసేలోగా పన్నెండు మందికి పైగా వైమానికులు చనిపోయారు. ఆ రోజుల్లోనే లింక్ తన యంత్రాన్ని గురించి మాట్లాడడానికి న్యూఆర్క్ రావలసి ఉంది. పొగమంచు దట్టంగా కమ్మి ఉండడంతో ఇక రాడని అధికారులు లేచి వెళ్ళబోతుండగా ఆయన విమానం దిగింది. పరికరాలను చూసుకుంటూ ఆయన ఒంటరిగా వచ్చాడు. మరే వాదనా అవసరం లేకపోయింది. సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేసరికి తయారైన లింక్ ట్రెయినర్లు పదివేలకు పైమాటే. వాటిలో సాధన చేసిన వైమానికులు ఐదు లక్షలకు పైగా ఉంటారు. రంగును బట్టి దానికి 'నీలి పెట్టె' అని పేరొచ్చింది. మూత వేస్తే లోపల ఉండేవి పరికరాలు, చెవిలో బోధకుని గొంతు మాత్రమే. బయట బోధకుని బల్లమీద 'పీత' అని పిలిచే చిన్న చక్రాల పరికరం, లోపలివాడు ఊహలో ప్రయాణించిన దారిని పటం మీద సిరాతో గీస్తూ పోయేది. పరీక్ష రాసినవాడి జవాబు పత్రం ఆ సిరా గీతే. ఇవాళ అభ్యర్థిని ఆటోపైలట్ తీసేసి, ఫ్లైట్ డైరెక్టర్ ఆపేసి, ముళ్ళను మాత్రమే చూస్తూ ఐఎల్ఎస్ మీద దిగమని అడిగినప్పుడు జరిగేది కూడా ఆ నీలి పెట్టెలోని పరీక్షే.

బల్ల ముందు జరిగే ఇంటర్వ్యూకు కూడా ఆ యుద్ధమే తల్లి. జాన్ ఫ్లానగన్ అనే మనోవైజ్ఞానికుని నాయకత్వంలో 1941లో మొదలైన పరిశోధన, శిక్షణలో తొలగించిన వెయ్యిమంది అభ్యర్థుల నివేదికలను పరిశీలించింది. ఎందుకు తొలగించారంటే 'సహజమైన నేర్పు లేదు', 'స్వభావం తగినది కాదు' వంటి మాటలే చాలా చోట్ల కనిపించాయి. అటువంటి మాట ఎవరి మీదైనా వేయవచ్చు. ఎవరూ సరిదిద్దుకోవడానికి మాత్రం పనికిరాదు. అందుకని ఫ్లానగన్ బృందం అభిప్రాయాలు పక్కనపెట్టి, జరిగినవి అడగడం మొదలుపెట్టింది: ఏం జరిగింది, అతను సరిగ్గా ఏం చేశాడు, దాని ఫలితమేమిటి? యుద్ధం తర్వాత ఇదే పద్ధతిని విమాన సంస్థల పైలట్ల పనికి అన్వయించారు. ఫ్లానగన్ 1954లో దానిని ఒక వ్యాసంగా ప్రకటించాడు. "మీ కెప్టెన్‌తో మీరు విభేదించిన ఒక సందర్భం చెప్పండి" అనే ప్రశ్న మా వాడి చిట్టాలో ఉంది. ఆ ప్రశ్నకు ముత్తాత ఈ ఫ్లానగనే. అక్కడ "నేను ఓర్పుగలవాణ్ణి" అని చెప్పుకోవడం జవాబు కాదు; జరిగినది చెప్పాలి.

ఊరికే ముద్ర వేసే ఇంటర్వ్యూకు ఉదాహరణ మన హైదరాబాదు చరిత్రలోనూ కనిపిస్తుంది. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది విమాన సంస్థలు కాదన్నాయి. స్త్రీ కావడమే అందుకు కారణం. ఆమెకు చివరకు కో-పైలట్ ఉద్యోగమిచ్చింది బేగంపేట కేంద్రంగా డకోటాలు నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ఆమె జాతీయ విమానాల పందెంలో గెలిచింది. అయినా కమాండ్ అప్పగించడానికి ఆ సంస్థ ముందుకు రాకపోవడంతో ఆమె అక్కడినుంచి వెళ్ళిపోయింది. చేతుల నేర్పును కొలవడానికి యంత్రం అప్పటికే ఉంది. అవతలి కుర్చీలో కూర్చున్నవారి కళ్ళకు ఉన్న పొరను కొలిచే యంత్రం మాత్రం లేదు.

1948లో పాన్ అమెరికన్ సంస్థ స్ట్రాటోక్రూయిజర్ విమానానికి సరితూగే సిమ్యులేటర్‌ను కర్టిస్-రైట్ కంపెనీ చేత చేయించుకుంది. విమాన సంస్థ సొంతం చేసుకున్న మొదటి పూర్తి సిమ్యులేటర్ అదే. అది కదిలేది కాదు, కిటికీలో దృశ్యం కూడా ఉండేది కాదు. ఆరు కాళ్ళ మీద కదిలే వేదికలు, తెరమీద రన్‌వేలు తరువాత వచ్చాయి. యంత్రం అసలు విమానానికి ఎంత దగ్గరైతే అంత మంచిదని అందరూ అనుకుంటున్న కాలంలో రెండు ప్రమాదాలు ఆ ఆలోచనను వేరే దారి పట్టించాయి.

1977 మార్చి 27న టెనెరిఫే ద్వీపంలో, పొగమంచులో, రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించారు. అనుమతి రాకుండానే టేకాఫ్ మొదలుపెట్టిన కెఎల్ఎం కెప్టెన్ సామాన్యుడు కాదు, ఆ సంస్థలో 747 శిక్షణకు అధిపతి. సిమ్యులేటర్లో కంట్రోలర్ పాత్ర బోధకుడే వహిస్తాడు కాబట్టి, అక్కడ ఎక్కువకాలం గడిపినవారికి అనుమతి కోసం వేచి ఉండే అలవాటు సడలుతుందని ఆ తరువాత పరిశీలకులు ఎత్తి చూపారు. అవతలి విమానం ఇంకా తప్పుకోలేదేమో అని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు కూడా. కెప్టెన్ దాన్ని తోసిపుచ్చాడు.

మరుసటి ఏడాది డిసెంబర్ 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 చక్రాల సమస్య తేల్చుకోవడానికి దాదాపు గంటసేపు చక్కర్లు కొట్టి, ఇంధనం అయిపోయి కూలిపోయింది. పదిమంది మరణించారు. ఇంధనం తగ్గుతున్న సంగతి సహచరులకు తెలుసు, అన్నారు కూడా, గట్టిగా అనలేకపోయారు. 1979లో నాసా ఏర్పాటుచేసిన సదస్సు నుంచి 'క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్' అనే భావన రూపుదిద్దుకుంది. 1981లో యునైటెడ్ దాన్ని శిక్షణలో చేర్చింది. అప్పటినుంచి సిమ్యులేటర్‌లో పరీక్షకుడు పరికరాల ముళ్ళతో పాటు మాటలను కూడా వింటున్నాడు: ఎవరు ఏం చూశారు, ఎప్పుడు చెప్పారు, విన్నవాడు ఏం చేశాడు?

చేతుల పని ఇక అక్కర్లేదన్న ధీమాకు 2009 జూన్ 1న జవాబు వచ్చింది. అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 వేగమాపక గొట్టాలు మంచుతో మూసుకుపోయి, ఆటోపైలట్ తప్పుకుంది. విమానం స్టాల్ అయింది. స్టాల్ అయిందన్న సంగతి సిబ్బంది గుర్తించలేకపోయారు. 228 మంది మరణించారు. నేడు స్టాల్ నుంచి తేరుకోవడం, వేగం చూపే ముల్లును నమ్మలేనప్పుడు ఇంజన్ శక్తినీ ముక్కు ఎత్తునూ పట్టుకుని నిలకడగా ఎగరడం, శిక్షణలో అంత ముఖ్యమవడానికి వెనక ఆ రాత్రి ఉంది.

ఈ వరుస చూశాక నేను మా వాడి చిట్టాను తిరగరాసి ఇచ్చాను. స్టీప్ టర్న్ పక్కన తిరుగుడు కుర్చీ అని, ఐఎల్ఎస్ పక్కన 1934 చలికాలమని, సహచరుని మాట పక్కన పోర్ట్‌లాండ్ అని, అనుమతి పక్కన టెనెరిఫే అని రాశాను. ఆకర్ నేర్పింది, నీ ఒంటిని నమ్మవద్దని. టెనెరిఫే నేర్పింది, నీ హోదానూ నమ్మవద్దని. ఎయిర్ ఫ్రాన్స్ 447 నేర్పింది, ఒక్క ముల్లునే నమ్ముకోవద్దని. మరి దేన్ని నమ్మాలంటే, ఒకదానితో ఒకటి సరిచూసుకోవడాన్ని: ముల్లును ముల్లుతో, నీ చూపును పక్కవాడి చూపుతో. ఇంజన్ ఆపేసి పరీక్షకుడు వెనక కుర్చీలో మౌనంగా కూర్చునే ఆ రెండు నిమిషాల్లో చూసేది అదే. చేతులు కాస్త తడబడితే దిద్దుకోవచ్చు. "ఇంధనం తగ్గుతోంది" అన్న పక్కవాడి మాట చెవికెక్కకపోతే మాత్రం, నిజమైన ఆకాశంలో దాన్ని దిద్దుకునే వ్యవధి ఉండకపోవచ్చు.