రెనొవేట్ చేసిన ప్రీవార్ ఇల్లు

2008లో న్యూయార్క్‌లోని జాక్సన్ హైట్స్‌లో ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు బ్రోకరు నోట పదే పదే వినబడ్డ మాట 'ప్రీవార్'. ఏ యుద్ధానికి ముందు అని అడగడానికి మొహమాటపడ్డాను. రెండో ప్రపంచయుద్ధానికి ముందు కట్టిందని దానర్థం. మందపాటి గోడలు, ఎత్తైన సీలింగు, చెక్క పలకల నేల, చలికాలంలో ఈల వేసే ఇనుప రేడియేటర్లు. మాకు దొరికిన వన్ బెడ్‌రూమ్ 'రెనొవేటెడ్' కూడానట. అంటే వంటింట్లో కొత్త కాబినెట్లు, గ్రానైట్ గట్టు, బాత్‌రూమ్‌లో కొత్త టైల్స్. అద్దె 1,300 డాలర్లు. 74వ వీధిలో కరివేపాకు దొరుకుతుంది, ఏడో నంబరు రైలుకి నడిచి వెళ్ళొచ్చు. ఇంకేం కావాలి, సంతకం పెట్టేశాం.

ఆ రైలే ఈ పేటని నిలబెట్టింది. 1909లో క్వీన్స్‌బరో వంతెన తెరిచారు. 1917లో రైలు ఇక్కడిదాకా వచ్చింది. ఎడ్వర్డ్ మెక్‌డూగల్ నడిపిన క్వీన్స్‌బరో కార్పొరేషన్ అప్పటికే ఈ పొలాలు కొని పెట్టుకుంది. బ్లాకు చుట్టూ భవనాలు, నడిమధ్యన తోట. మన మండువా లోగిలిని నాలుగు వీధుల మేర సాగదీసినట్టుంటుంది, ఇవాళ చూసినా ముచ్చటేస్తుంది. కానీ ఆ తోట చుట్టూ ఉన్న ఇళ్ళు యూదులకీ నల్లవాళ్ళకీ ఇచ్చేవారు కాదు. ఎవరో చాటుగా చేసిన పని కాదది, కంపెనీ విధానమే. మనవాళ్ళ సంగతి వాళ్ళు ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. 1965 వలస చట్టం వచ్చాక గానీ మనం ఇక్కడ పెద్దగా కనబడలేదు.

1993లో నగరం ఈ పేటని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. భవనానికి కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. ఇంటి లోపలి సింకు, తలుపు గుబ్బలు, వంటిల్లు, వీటి జోలికి ఆ చట్టం రాదు. మా యజమాని చేయించిన పనంతా అక్కడే.

ఐదేళ్ళయ్యాక ఒకరోజు పక్కింటి కొలంబియా ఆవిడ మా అద్దె ఎంతో విని నోరు తెరిచింది. ముప్పై ఏళ్ళుగా అదే ఇంట్లో ఉంటున్న మనిషి. రాష్ట్రం వాళ్ళని అడిగి అద్దె చిట్టా తెప్పించుకోమంది. 1974కి ముందు కట్టి, ఆరు వాటాలో అంతకన్నా ఎక్కువో ఉన్న భవనాల్లో చాలావాటికి అద్దె నియంత్రణ ఉందనీ, 1984 నుంచీ యజమానులు ఏటా అద్దెలు నమోదు చెయ్యాలనీ అప్పటిదాకా నాకు తెలీదు. చరిత్ర పుస్తకాలు చదవడమంటే ప్రాణం అని చెప్పుకునేవాణ్ణి.

చిట్టా పోస్టులో వచ్చింది. మాకు ముందున్నవాళ్ళు కట్టింది 700. ఇల్లు ఖాళీ అయితే 20 శాతం దాకా పెంచుకోవచ్చు, అంటే 840. మిగతా 460 రెనొవేషన్ పుణ్యం. అప్పటి నియమం ప్రకారం ఇంటి మీద పెట్టిన ఖర్చులో నలభయ్యో వంతు నెల అద్దెకి కలపొచ్చు. ఆ డబ్బు రాబట్టుకున్నాక కూడా అద్దె తగ్గదు. వెనక్కి లెక్కేస్తే 18,400 డాలర్లు. వంటింట్లో నిలబడి కాబినెట్లు లెక్కపెట్టాను. తొమ్మిది. ఒకదాని తలుపు మొదటి చలికాలానికే ఊడింది.

ఫిర్యాదు చేద్దామంటే, పెద్ద మోసమని చూపగలిగితే తప్ప నాలుగేళ్ళకన్నా వెనకటి అద్దె తవ్వడానికి వీల్లేదన్నారు. మాది ఐదో ఏడు. 2019లో ఖాళీ పెంపు తీసేసి, లెక్కలోకొచ్చే రెనొవేషన్ ఖర్చుని పదిహేనేళ్ళకి 15,000 డాలర్లకి కట్టడి చేశారు. ఆ హద్దు 2024లో మళ్ళీ పెరిగింది. అప్పటికి మేం ఎప్పుడో న్యూజెర్సీ చేరిపోయాం.

చిట్టా వచ్చిన నెలలోనే సింకు కింద నీళ్ళు కారాయి. భవనం చూసుకునే ఆయన వచ్చి కాబినెట్ విప్పితే వెనక గోడలో చిన్న చెక్క తలుపు. ఒకప్పుడు నేలమాళిగ నుంచి సరుకులు పైకి లాగడానికి, చెత్త కిందకి దింపడానికి వాడిన చేతి లిఫ్టుట. పొరలు పొరలుగా రంగు పట్టేసింది. కత్తితో గీసి తెరిస్తే లోపల చీకట్లో తాడింకా వేలాడుతోంది. ఆయన టార్చి వేసి ఓసారి కిందికి చూసి, కాబినెట్ మళ్ళీ బిగించేశాడు. పోతూ పోతూ, ఇది కూడా మీ అద్దెలో కలుపుతారేమో అని నవ్వాడు.