ఏకామ్ర నివాస్: ఒక వకీలు, ఆయన ఇల్లు

మన నెల్లూరు సీమ నుంచి వచ్చిన పెద్దల పేర్లు చెప్పమంటే పొట్టి శ్రీరాములు గారితో మొదలుపెట్టి ఓ పది పేర్లు గడగడా చెప్పేస్తాం. ఆ జాబితాలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరు కూడా ఉంటుంది. "రాజ్యాంగ రచనా సంఘం సభ్యుడు" అన్న మూడు మాటలతో ఆయన సంగతి ముగిసిపోతుంది. క్విజ్ పోటీకి అంతే చాలు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు, ఆ మూడు మాటల వెనకున్న మనిషి గురించి రాయాలనిపించింది. నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ని కాను, ఇంజనీరును. తప్పులుంటే మనలో ఉన్న లాయరు మిత్రులు మన్నించకుండా చెప్పాలి.

ఆయన 1883 మే 14న నాటి నెల్లూరు జిల్లాలోని పుదూరు అనే చిన్న పల్లెలో పుట్టారు. తండ్రి ఏకామ్ర శాస్త్రి గారిది పౌరోహిత్యం. ఆస్తులున్న ఇల్లు కాదు. పిల్లవాడు 1899లో మెట్రిక్యులేషన్ ప్యాసై, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరి, చరిత్ర చదివి, ఆ తర్వాత బి.ఎల్. పట్టా పుచ్చుకుని హైకోర్టులో వకీలయ్యారు. ఆ రోజుల్లో "వకీలు" అన్న మాటకు ఒక మెట్టు ఉండేది. లండన్ వెళ్ళి చదివివచ్చిన బారిస్టర్లు పై మెట్టు మీద, ఇక్కడి పట్టాతో వచ్చిన వకీళ్ళు దాని కింద. కృష్ణస్వామి అయ్యర్ లండన్ వెళ్ళలేదు. కింది మెట్టు మీద నుంచే 1929లో మద్రాసు ప్రెసిడెన్సీ అడ్వకేట్ జనరల్ కుర్చీకి చేరుకున్నారు. ఆ కుర్చీలో 1944 దాకా ఉన్నారు.

ఇవాళ్టి పిల్లలకు ఇది చెప్పకపోతే తెలియదు: అప్పట్లో మన జిల్లాల వాళ్ళకు హైకోర్టు అంటే మద్రాసే. శ్రీకాకుళం వైపు భూమి తగాదా అయినా, నెల్లూరు వైపు దత్తత తగాదా అయినా, అప్పీలుకు మద్రాసు రైలెక్కాల్సిందే. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది 1954 జూలైలో. అందుకే ఆ తరం తెలుగు న్యాయవాదుల చరిత్ర సగం మద్రాసు వీధుల్లోనే దొరుకుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్నను పక్కకు తోయకుండా చెప్పుకోవాలి. అల్లాడి వారికి 1932లో "సర్" బిరుదు వచ్చింది. ఉప్పు సత్యాగ్రహం జరిగి అప్పటికి రెండేళ్ళు. 1930లోనూ 1942లోనూ మనవాళ్ళు జైళ్ళకు పోతున్నప్పుడు ఆయన ప్రభుత్వం తరఫు పెద్ద వకీలు. మరోవైపు టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఉన్నారు. ఒంగోలులో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివించిన బిడ్డ. సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు హైకోర్టు గుమ్మం ఎక్కే అర్హత లేదని, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చి, మద్రాసులో దండిగా సంపాదించారు. 1921లో ప్రాక్టీసు వదిలేశారు. సంపాదించినదంతా స్వరాజ్య పత్రికకు ధారపోశారు. చివరికి చేతిలో ఏమీ మిగలలేదు.

ఇద్దరూ లేమిలో నుంచే వచ్చారు. ఇద్దరి ఊళ్ళూ ఒకే తీరం మీదివి, ఇద్దరూ ఒకే కోర్టులో వాదించారు. ఒకరు ఉన్నదంతా ఇచ్చేశారు, మరొకరు ఇల్లు కట్టుకున్నారు. మనం మొదటివారికి విగ్రహాలు కట్టాం. అది న్యాయమే. సైమన్ కమిషన్ వచ్చిన రోజున మద్రాసులో తుపాకీకి గుండె చూపిన మనిషి పక్కన అడ్వకేట్ జనరల్‌ను నిలబెట్టి ఇద్దరూ సమానమే అనడం నా ఉద్దేశం కాదు. కానీ 1946లో జరిగినది చూడండి. రాజ్యాంగ సభకు సభ్యులను ఎన్నుకున్నది ప్రాంతీయ శాసనసభలు. మద్రాసు శాసనసభ ఆ పని చేసినప్పుడు అక్కడ ప్రీమియర్ ప్రకాశం పంతులు గారే. కాంగ్రెస్‌లో ఏనాడూ జైలుకు పోని, తెల్లదొరల బిరుదు పుచ్చుకున్న అల్లాడి ఆ సభ నుంచే ఢిల్లీకి వెళ్ళారు. స్వయంగా ప్రకాశం గారూ, దుర్గాబాయి గారూ, ఇంకా ఎందరో మనవాళ్ళూ ఆ రాజ్యాంగ సభలోనే కూర్చున్నారు. లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళు, "నువ్వు అప్పుడెక్కడున్నావు" అని ఆయన్ను అడిగి తలుపు మూయలేదు. పనికి పనిమంతుడు కావాలి అనుకున్నారు. ఆ తరం మీద నాకున్న గౌరవంలో సగం ఈ ఒక్క సంగతి వల్లనే.

1947 ఆగస్టు 29న ఏడుగురితో రచనా సంఘం ఏర్పడింది. అంబేద్కర్ గారు అధ్యక్షులు. రెండేళ్ళ తర్వాత, 1949 నవంబరు 25న చేసిన చివరి ప్రసంగంలో అంబేద్కర్ గారు తనకు ఆ అధ్యక్ష స్థానం దక్కడమే ఆశ్చర్యమనిపించిందని చెప్పి, తనకంటే సమర్థులు ఆ సంఘంలో ఉన్నారంటూ పేరు పెట్టి చెప్పినది అల్లాడి గురించే. అది మర్యాదకు అన్న మాట అనుకున్నా, మర్యాదకైనా ఎవరి పేరు నోటికి వచ్చిందన్నది చూడాలి కదా.

ఆయన సభలో పట్టుబట్టిన విషయాల్లో రెండింటి గురించి చెబుతాను.

మొదటిది ఓటు. 1935 చట్టం కింద ఓటు హక్కు ఆస్తినీ పన్నునూ చదువునూ బట్టి వచ్చేది. జనంలో ఎక్కువమందికి అది లేదు. 1951 జనాభా లెక్కల్లో కూడా అక్షరాస్యులు వందకు 18 మందే. అలాంటి దేశంలో ఇరవయ్యొకటి నిండిన ప్రతివారికీ ఓటు ఇవ్వడమా అని సందేహించిన పెద్దలు చాలామందే ఉన్నారు. బ్రిటిష్ వారి బిరుదున్న, ఎన్నికల గోదాలో ఎప్పుడూ దిగని ఈ వకీలు ఆ సందేహుల పక్షాన ఉంటారనుకుంటాం. ఉండలేదు. 1949 నవంబరులో ముగింపు చర్చలో ఆయన మాట్లాడుతూ, జనంలో చదువు లేదని తెలిసి తెలిసీ సామాన్యుడి మీద నమ్మకంతోనే సభ ఈ నిర్ణయం తీసుకుందని, అది మంచికేనని సమర్థించారు. పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టి పైకొచ్చిన మనిషికి, మనిషి తెలివి పలకా బలపాల్లోనే ఉండదని ప్రత్యేకంగా ఎవరూ చెప్పనక్కరలేదేమో. ఇది నా ఊహ మాత్రమే.

రెండవది కొంచెం చేదు. మన రాజ్యాంగంలో 21వ అధికరణం ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ. దాన్ని ఎలా రాయాలన్నదాని మీద పెద్ద వాదన నడిచింది. అమెరికా రాజ్యాంగంలో "డ్యూ ప్రాసెస్" అని ఉంటుంది. అంటే చట్టం ఉంటే చాలదు, ఆ చట్టం న్యాయంగా ఉందో లేదో కూడా కోర్టు చూస్తుంది. ముందు ఆ మాటే మన ముసాయిదాలోకి వచ్చింది. అల్లాడి మొదట దానికి అనుకూలమే. తర్వాత మనసు మార్చుకున్నారు. అమెరికా కోర్టులు ఆ మాటను పట్టుకుని కూలివాళ్ళ పని గంటల చట్టాల వంటివి కొట్టేసిన చరిత్ర ఆయనకు తెలుసు. రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావు గారు అమెరికా వెళ్ళి, అక్కడి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసి వచ్చి చెప్పినదీ అదే. న్యాయమూర్తుల మనసు ఎటు మొగ్గితే ఆ మాట అర్థం అటు మొగ్గుతుందని, రేపు భూసంస్కరణలు తెస్తే జమీందార్ల లాయర్లు అదే ఆయుధం పడతారని వారి భయం. ఆ మాట తీసేసి "చట్టం నిర్దేశించిన విధానం" అని పెట్టారు. 1948 డిసెంబరులో సభలో దీని మీద వాగ్వాదం జరిగినప్పుడు కొత్త మాటను సమర్థించినవారిలో అల్లాడి ముందున్నారు.

ఫలితం రెండేళ్ళలోనే కనబడింది. నివారక నిర్బంధ చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1950లో కోర్టు మెజారిటీ తీర్పు ఏమిటంటే, శాసనసభ చట్టం చేసింది, దాని ప్రకారమే పట్టుకున్నారు, కాబట్టి 21వ అధికరణం అడ్డు రాదు. దీనికి తల వంచని న్యాయమూర్తులు తర్వాత వచ్చారు. వారిలో 1960లలో ఆ అధికరణాన్ని విశాలంగా చదివిన మన రాజమండ్రి బిడ్డ కోకా సుబ్బారావు గారు ఒకరు. 1978లో మేనకా గాంధీ కేసుతో, ముందు తీసేసిన మాటలోని భావమే దొడ్డిదోవన ఇంట్లోకి వచ్చినట్టయింది.

ఇంజనీరుగా నాకు ఇందులో తెలిసిన సంగతి ఒకటి కనిపిస్తుంది. డిజైను చేసేటప్పుడు ఏ ప్రమాదానికి భయపడతామో దానికి తట్టుకునేలా కడతాం. వరదకు భయపడి గట్టు ఎత్తుగా కడితే, నీరు ఊళ్ళోనే నిలిచిపోయే ప్రమాదం ఉంటుంది. అల్లాడి భయపడింది కోర్టులకు. ముందొచ్చిన వరద పోలీసు స్టేషను వైపు నుంచి. ఆయన లెక్క తప్పిందని నేననుకుంటాను. అయితే ఆ లెక్క జమీందారు కోసం వేసింది కాదు, రైతు కోసం వేసింది. అది కూడా ఆయన ఖాతాలో రాయాలి.

ఇక ఇంటి సంగతి. అసలు నేను రాయాలనుకున్నది ఇదే, పైదంతా దానికి దారి.

మద్రాసు మైలాపూరులో లజ్ చర్చి రోడ్డు మీద ఆయన ఇంటికి పెట్టుకున్న పేరు ఏకామ్ర నివాస్. తండ్రి ఏకామ్ర శాస్త్రి గారి పేరు. సంపాదించినవాడు తన పేరో, తన బిరుదో గేటు మీద చెక్కించుకోవడం ఎక్కడైనా మామూలే. మద్రాసు బార్‌లో శిఖరమెక్కిన మనిషి, పుదూరు పురోహితుడి పేరును మైలాపూరు పెద్దల నడుమ గేటు మీద పెట్టారు. కుటుంబం మీద ఆయనకున్న ప్రేమ గురించి వేరే సాక్ష్యం అడగనక్కరలేదు.

పెద్ద కొడుకు కుప్పుస్వామి గారు తండ్రి వృత్తిలోనే నడిచి, హైదరాబాదులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. 1923లో పుట్టిన రామకృష్ణన్ దారి వేరు. ఆయనా న్యాయశాస్త్రం చదివారు. చదివి, మనసంతా భౌతికశాస్త్రం మీదే ఉందని తేల్చుకుని, 1947లో హోమీ భాభా దగ్గర చేరారు. ఆనాటి లెక్కలో ఆలోచించండి. మద్రాసులో అల్లాడి వారి ఆఫీసంటే పుస్తకాలు, కక్షిదారులు, పేరు అన్నీ సిద్ధంగా ఉన్న రాజమార్గం. దాన్ని కాదని కాస్మిక్ కిరణాల జల్లులను లెక్కకట్టడానికి పోతానంటే ఒప్పుకునే తండ్రి ఎంతమంది? మన తరంలోనే, బైపీసీ తీసుకుంటానంటే ఎంపీసీ రాసిచ్చిన నాన్నలు ఈ సంచిక చదివేవారిలో చాలామందికి గుర్తుండే ఉంటారు. తండ్రి అడ్డుపడలేదు. కొడుకు తర్వాత ఇంగ్లండులో మాంచెస్టర్‌లో డాక్టరేట్ చేసి వచ్చి మద్రాసు విశ్వవిద్యాలయంలో చేరారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి. నెల్లూరు జిల్లా మద్రాసును వదిలి కొత్త రాష్ట్రంలోకి వచ్చింది. రెండు రోజులకు, అక్టోబరు 3న, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మద్రాసులో కన్నుమూశారు.

కథ ఆయనతో ఆగలేదు. రామకృష్ణన్ 1957-58లో ప్రిన్స్‌టన్‌లో ఉండి వచ్చాక, అక్కడ చూసినటువంటి సెమినార్ ఇక్కడ పెట్టాలనుకున్నారు. భవనం లేదు, నిధులు లేవు. ఇల్లుంది. ఒకప్పుడు కక్షిదారులు దస్తావేజులతో మెట్లెక్కిన ఏకామ్ర నివాస్‌లోనే కుర్రాళ్ళను కూర్చోబెట్టి సిద్ధాంత భౌతికశాస్త్రం చెప్పడం మొదలుపెట్టారు. విదేశాల నుంచి మద్రాసు మీదుగా పోయే శాస్త్రవేత్తలను పిలిచి ఆ ఇంట్లోనే ఉపన్యాసాలు ఇప్పించారు. 1960లో నీల్స్ బోర్ వచ్చి చూశారు. భారతదేశంలో మిమ్మల్ని ఆకట్టుకున్నదేమిటని పత్రికలవాళ్ళు అడిగితే, బొంబాయిలో భాభా నడిపే పెద్ద సంస్థతో పాటు మద్రాసులోని ఈ చిన్న బృందం గురించీ చెప్పారు. ఆ మాట మద్రాసు మంత్రి సి. సుబ్రమణ్యం గారి ద్వారా నెహ్రూ గారి దాకా వెళ్ళింది. 1962 జనవరి 3న మద్రాసులో గణితశాస్త్రాల సంస్థ మొదలైంది. ప్రారంభ సభకు వచ్చినది ఖగోళ భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర్. మ్యాట్‌సైన్స్ అని పిలిచే ఆ సంస్థ ఈ రోజు తరమణిలో ఉంది. మన బడి పిల్లలెవరైనా అక్కడికి పరిశోధనకు వెళితే ముందు ఈ కథ చెప్పి పంపాలి.

రామకృష్ణన్ కొడుకు 1955లో పుట్టారు. తాతగారు పోయిన రెండేళ్ళకు. పేరు కృష్ణస్వామి. ఆయన సంఖ్యాశాస్త్రంలో పడ్డారు. ఇంకా కాలేజీ కుర్రాడిగా ఉన్నప్పుడే, కలకత్తా నుంచి ఆస్ట్రేలియా వెళ్ళాల్సిన ప్రఖ్యాత గణితజ్ఞుడు పాల్ ఎర్డిష్ ఆయన్ను కలవడానికి దారి మార్చుకుని మద్రాసు వచ్చారు. ఇప్పుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఉంటూ రామానుజన్ పేరుతో అంతర్జాతీయ గణిత పత్రికను నెలకొల్పారు.

పౌరోహిత్యం, న్యాయం, భౌతికశాస్త్రం, గణితం. నాలుగు తరాల్లో నాలుగు వృత్తులు. ఆ వరసలో వకీలు తండ్రి పేరును గేటు మీద పెట్టుకున్నారు, కొడుకు ఆ గేటు లోపలే బడి పెట్టారు, మనవడికి తాత పేరు వచ్చింది.

కుప్పుస్వామి గారు తండ్రి జీవితాన్ని ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు, భారతీయ విద్యాభవన్ వేసింది. సంఘం వారికి ఒక మనవి: స్వర్ణోత్సవ నిధిలో గ్రంథాలయానికి కేటాయించిన సొమ్ముతో ఆ పుస్తకం ఒక ప్రతి, రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు ఒక సెట్టు కొనండి. సంపుటాలు లావుగానే ఉంటాయి, బీరువాలో పై అరలో కాకుండా పిల్లలకు అందే చోట పెట్టించండి. 1948 డిసెంబరు చర్చలున్న సంపుటం దగ్గర ఒక కాగితం ముక్క గుర్తుగా పెట్టే పని నాది.