డబ్లిన్‌లో పాట్రిక్ పండుగ - మన ఉగాది

ఉగాది ఏర్పాట్లు మాట్లాడుకునే సమయం వచ్చింది. దానికి ముందు ఇంకో దేశపు పండుగ కథ చెబుతాను. కాస్త పెద్దదే, ఓపికగా చదవండి.

ప్రతి ఏడూ మార్చి 17న ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరం పచ్చబట్ట కట్టుకుంటుంది. ఆ దేశానికి కాపుదల అనుకునే సెయింట్ పాట్రిక్ చనిపోయిన రోజు అది అంటారు. ఓకానెల్ వీధి పొడవునా బ్యాండు మేళాలు, పెద్ద పెద్ద బొమ్మలు, లక్షల మంది జనం. చొక్కాకు మూడాకుల షామ్‌రాక్ రెమ్మ గుచ్చుకుంటారు.

ఇందులో మొదటి విశేషం, పాట్రిక్ ఐర్లండులో పుట్టినవాడే కాదు. అయిదో శతాబ్దం మనిషి. రోమన్ల బ్రిటన్‌లో పుట్టాడు. పదహారేళ్ల వయసులో దొంగలు ఎత్తుకుపోయి ఐర్లండులో బానిసగా పెట్టారు. ఆరేళ్లు మందలు కాశాడు. తప్పించుకుని ఇల్లు చేరాడు, మళ్లీ తనంతట తానే ఆ దేశానికి మతబోధకుడిగా వెళ్లాడు. ముసలితనంలో తన కథ లాటిన్‌లో రాసుకున్నాడు. చదువుకునే వయసులో చదువు పోయింది, నా భాష మొరటుగా ఉంటుంది, అందుకే రాయడానికి చాలాకాలం వెనకాడాను అని అందులో చెప్పుకున్నాడు. తమిళ మీడియంలో చదివి, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు స్టేషన్ బోర్డులు చూసి తెలుగు అక్షరాలు కూడబలుక్కున్న నాకు ఆ మాట బాగా తగిలింది.

రెండో విశేషం, ఈ ఊరేగింపు డబ్లిన్‌లో మొదలు కాలేదు. న్యూయార్క్‌లో 1762 నుంచే నడుస్తోంది. 1845 తర్వాత ఆలుగడ్డ పంట కుళ్లి వచ్చిన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి ఓడలెక్కి వెళ్లిపోయారు. పరాయి ఊళ్లో మేమూ ఉన్నామని చూపించుకోవడానికి వాళ్లే ఊరేగింపును పెద్దది చేశారు. ఐర్లండులో ఆ రోజుకు సెలవు చట్టం వచ్చింది 1903లో. డబ్లిన్‌లో సర్కారు ఊరేగింపు మొదలైంది 1931లో. కొన్ని దశాబ్దాల పాటు ఆ రోజు సారా దుకాణాలు మూయించారు కూడా. అప్పుడు డబ్లిన్‌లో మందు దొరికే పేరుమోసిన చోటు కుక్కల ప్రదర్శన! కుక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ ఒక్కరోజు ఎక్కువయ్యేవారట. ఇప్పుడు మనం చూసే కొన్ని రోజుల ఉత్సవం 1996లో మొదలైంది.

మూడోది అసలు విషయం. ఇంత పండుగ చేసుకునే దేశంలో సొంత భాష ఏమైంది? 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ భాష వచ్చు అన్నవాళ్లు పద్దెనిమిది లక్షలు దాటారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం 71,968 మంది. పండుగ ప్రపంచమంతా పాకింది, భాష ఇంట్లో చిక్కిపోయింది. అది తెలిసే, 1902లో మొదలైన ఐరిష్ భాషా వారాన్ని ఇప్పుడు మార్చి 1 నుంచి 17 దాకా, పండుగకు ఆనుకుని జరుపుతున్నారు. పేరుకు వారం, నడిచేది పదిహేడు రోజులు.

ఇక మన సంగతి. తమిళనాడు సర్కారు సెలవుల పట్టికలో తెలుగు సంవత్సరాది ఉంది. పచ్చడి ఉంది, భోజనం ఉంది, మేళం ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సంఘం వాట్సాప్‌లో తమిళ లిపిలోనో ఇంగ్లీషు లిపిలోనో రాస్తారు. వాళ్ల పిల్లలు మాట్లాడతారో లేదో! తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దాని మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. తమిళం నేర్చినందువల్ల తెలుగు పోదు, ఇంట్లో పుస్తకం తెరవకపోతే పోతుంది.

అందుకే కమిటీవారికి నా మనవి. ఉగాదికి ముందు పదిహేను రోజులు, సాయంత్రం ఒక గంట, సంఘం హాలులో అక్షరాలు నేర్పుదాం. నేర్పడానికి నేను వస్తాను. పండుగ రోజు ప్రతి పిల్లా పిల్లవాడూ వేదిక మీద నాలుగు వాక్యాలు చూసి చదవాలి. తడబడినా పర్వాలేదు. పంచాంగ శ్రవణం ఆ తర్వాత పెట్టుకుందాం.

మీ అభిప్రాయం కింద రాయండి. తెలుగు లిపిలో రాస్తే ఇంకా సంతోషం.