ఇరవై తొమ్మిదేళ్ల జీవితం – మూడు శతాబ్దాల ఫలం

ఆపరేషన్‌కు ముందు మత్తు ఇస్తారని మనందరికీ తెలిసినదే. 1846లో అమెరికాలోని బోస్టన్ ఆసుపత్రిలో అందరి సమక్షంలో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్స చేసి చూపారు. ఆ ఈథర్ తయారీ విధానాన్ని సుమారు 300 సంవత్సరాల ముందే రాసిపెట్టిన వారు జర్మనీ దేశస్థుడు వలేరియస్ కోర్డస్.

ఆయన 1515లో జన్మించారు. తండ్రి యూరిసియస్ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. విటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కోర్డస్ మూలికలపై పాఠాలు చెప్పారు. పాత గ్రంథాలలో ఉన్నదానితో తృప్తిపడక, కొండలూ అడవులూ తిరిగి మొక్కలను స్వయంగా పరిశీలించి వర్ణించారు. గంధకామ్లాన్ని మద్యసారంతో కలిపి ఈథర్‌ను తీసే పద్ధతినీ వివరించారు.

మొక్కల అన్వేషణలో ఇటలీ వెళ్లిన ఆయన 1544లో జ్వరంతో రోమ్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన ముఖ్య రచనలు ఇంకా రాతప్రతులుగానే ఉన్నాయి. ఔషధ యోగాల గ్రంథాన్ని 1546లో న్యూరెంబర్గ్ నగరం అచ్చు వేయించింది. మొక్కల గ్రంథాన్నీ, ఈథర్ విధానాన్నీ స్విట్జర్లాండ్ పండితుడు కొన్రాడ్ గెస్నర్ 1561లో వెలుగులోకి తెచ్చారు.

గెస్నర్ శ్రద్ధ లేకుంటే ఆ కాగితాలు ఏమయ్యేవో! మన సభ్యులలో ఎందరి పెట్టెలలోనో అనుభవాలు నిండిన నోటుపుస్తకాలున్నాయి. వాటిని పిల్లల చేత ఒకసారి చదివించండి, భద్రపరచమని చెప్పండి.