కీర్తన వెనుక చెల్లించిన వెల



ఆదివారము మీరు చేతపట్టుకొని వెళ్లే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును ఒకసారి తెరవండి. అనేక కీర్తనలకు రాగము, తాళము పేర్కొని ఉంటాయి. రచయితల పేర్లు చూస్తూ పోతే ఒక పేరు మాటిమాటికి కనబడుతుంది: పురుషోత్తమ చౌదరి. ఆయన పాట మన నోటికి వచ్చు. మరి ఆయన బ్రతుకు మనకు తెలుసా?

చౌదరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమందలి మదనపురములో జన్మించారు. వంగదేశము నుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము వారిది. తెలుగు, సంస్కృతములు అభ్యసించి, పద్యము చెప్పగలిగిన పండితుడాయన. పాపభారము ఎట్లు తొలగునన్న ప్రశ్న ఆయనను విడువలేదు. సువార్త కరపత్రములు చదివారు, మిషనరీలతో మాట్లాడారు, వాదించారు, ఆలోచించారు. చివరకు 1833లో కటక్ నగరములో లేసీ అనే మిషనరీ చేత బాప్తిస్మము పొందారు.

ప్రియులారా, ఆ నిర్ణయము వెల ఎంతో ఒకసారి ఆలోచించండి. ఆ రోజులలో కులము నుండి వెలివేయబడినవానికి పిత్రార్జితములో హక్కు కూడ పోయే పరిస్థితి ఉండేది. మతము మారినా ఆస్తిహక్కు పోకూడదని కంపెనీ పాలనలోని ప్రాంతములన్నిటికి వర్తించే చట్టము 1850లో గాని రాలేదు. చౌదరి గారు బాప్తిస్మము తీసుకొన్నది దానికి పదిహేడు సంవత్సరములు ముందు!

అయితే ఆయన విడువనిది ఒకటి ఉన్నది. అది ఆయన తెలుగు. అప్పటికి విశాఖపట్నములో లండన్ మిషనరీల పని మొదలై పాతికేండ్లు దాటింది. 1805లో వచ్చిన క్రాన్, డెగ్రాంజ్ దొరలు తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు సహాయముతో సువార్తలను అనువదించారు. వాక్యము తెలుగులోనికి వచ్చింది. కాని ఆరాధనలో తెలుగువాని గుండె తెలుగు రాగములో పాడవద్దా? ఆ కొరత తీర్చినవారిలో చౌదరి గారు ముఖ్యులు. పల్లవి, చరణము, రాగము, తాళము అన్నీ మన భజనలలో, కీర్తనలలో ఉన్నవే. ఆయన వాటిని ప్రభువు పాదముల యొద్ద పెట్టారు. 130 వరకు కీర్తనలు వ్రాశారు. అక్షరము రాని అవ్వ కూడ ఆ కీర్తన పాడుచు సిలువ సందేశమును నేర్చుకొన్నది.

ఇదే శతాబ్దములో ఎంతో దూరమున స్వీడన్ దేశములో లీనా శాండెల్ అనే సహోదరి ఉండేది. ఆమె 1832లో జన్మించింది. 1858లో ఓడ ప్రయాణములో పాదిరియైన తన తండ్రి సరస్సులో పడి మునిగిపోవుట కన్నులార చూచింది. ఆ దుఃఖము ఆమె నోరు మూయలేదు. వందలకొలది కీర్తనలు వ్రాసింది. ఆస్కార్ ఆన్‌ఫెల్ట్ అనే సేవకుడు సామాన్యులు పాడుకొనగల స్వరములు కట్టి, గిటారు పట్టుకొని ఊరూరా పాడి వినిపించాడు. అక్కడ గిటారు, ఇక్కడ తాళములు. ప్రజలకు తెలిసిన స్వరములోనే దేవుడు రెండుచోట్లా పని జరిగించాడు.

చౌదరి గారు పాటలతో ఆగలేదు. చికాకోలు, విశాఖపట్నము, కటక్ ప్రాంతములలో బోధించారు. యేసునాయక శతకము వ్రాశారు. కులాచార పరీక్ష అనే గ్రంథము కూడ వ్రాశారు. అగ్రకులమున పుట్టినవాడే కులాచారమును పరీక్షకు నిలబెట్టాడు! మనమో? ఒకే బల్లలో పాలుపుచ్చుకొని, ఒకే పుస్తకములోని కీర్తన పాడి, ఇంటికి వచ్చి పిల్లల పెండ్లి మాట రాగానే మొదట అడిగేది ఏమిటి? ఈ ప్రశ్నకు ఎవరి ఇంట్లో వారు జవాబు చెప్పుకోవాలి.

1890లో, తన 87వ యేట, చౌదరి గారు ప్రభువునందు నిద్రించారు.

అనకాపల్లి వారికి బెల్లము సంగతి వేరే చెప్పనక్కరలేదు. చెరకు గానుగలో నలగాలి, రసము పెనములో మరగాలి. అప్పుడు గాని దిమ్మ కాదు. మన నోటికి తియ్యగా తగిలే కీర్తన వెనుక కూడ నలిగిన ఒక బ్రతుకు ఉన్నది.

నేడు మన గుడులలో కీబోర్డులు వచ్చాయి, కొత్త పాటలు వచ్చాయి. మంచిదే, వాటిని కాదనను. అయితే పాత కీర్తనలోని మాట అర్థము కాలేదని పిల్లలు పుస్తకము మూసివేస్తున్నారు. తప్పు పిల్లలదా? అర్థము చెప్పే పెద్దలు ఏరి? నెలకు ఒక్క కీర్తన తీసుకోండి. కుటుంబ ప్రార్థనలో కఠినమైన మాటలకు అర్థము చెప్పండి, దాని రాగములో పాడండి, వ్రాసినవారి సంగతి రెండు మాటలలో వినిపించండి. ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రివేళ పౌలు, సీల పాడగా ఖైదీలు విన్నారు. మీ ఇంట్లో పాడితే మీ పిల్లలు వినరా?

అట్టి కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.