పెట్టె తాళం ఎవరి దగ్గర?

1517లో జర్మనీలోని యూటర్‌బోగ్ ఊళ్లోకి యోహాన్ టెట్జెల్ అనే సన్యాసి ఊరేగింపుగా వచ్చాడు. ముందు మఖమలు గుడ్డ మీద పోపు ఆజ్ఞాపత్రం, వెనక జెండాలు, పాటలు, చర్చి గంటలు. చర్చి నడుమ ఎర్ర శిలువ నిలబెట్టి, దాని దగ్గర పెట్టె పెట్టారు. అందులో పైకం వేసి పాపపరిహార పత్రం కొనుక్కుంటే తనకే కాదు, చచ్చిపోయిన అమ్మానాన్నలకు కూడా శిక్ష తప్పుతుందని టెట్జెల్ ప్రసంగం. అంతస్తును బట్టి ధర. రాజులకు, రాణులకు 25 బంగారు నాణేలు. చేతిలో కాసు లేనివాళ్లకు ఉపవాసం, ప్రార్థన.

రోములో సెయింట్ పీటర్స్ దేవాలయం కట్టడానికే ఈ పైకమని జనానికి చెప్పారు. అందులో సగం ఎక్కడికి పోతోందో మాత్రం చెప్పలేదు. మైన్జ్ ఆర్చిబిషప్ పదవి కోసం ఆల్‌బ్రెఖ్ట్ అనే రాజవంశీకుడు ఆగ్స్‌బర్గ్ షావుకారు ఫగ్గర్ దగ్గర సుమారు 29,000 బంగారు నాణేలు అప్పు తెచ్చి రోముకు కట్టాడు. ఆ అప్పు తీర్చడానికే ఆ సగం. టెట్జెల్ వెంట ఫగ్గర్ గుమాస్తాలు తిరిగేవాళ్లు. పెట్టె తెరిచినప్పుడు లెక్క వాళ్లకు తెలిసేది, వేసినవాళ్లకు తెలిసేది కాదు.

ఆ ఏడాది అక్టోబరు 31న మార్టిన్ లూథర్ రాసిన 95 అంశాల్లో పోపు అంత ధనవంతుడు తన సొంత డబ్బుతోనే గుడి కట్టుకోవచ్చు కదా అనే ప్రశ్న కూడా ఉంది. ఐరోపా చరిత్రను తిప్పేసిన తగాదాకు మూలం మోక్షమే అయినా, దానికి నిప్పు అంటించింది కానుక డబ్బు.

ఈ కథకు తిరుపతి దగ్గరి వడమాలపేటతో సంబంధం ఉంది. లూథర్ పేరు పెట్టుకున్న సంఘమే మూడున్నర శతాబ్దాల తర్వాత ఈ ప్రాంతానికి వచ్చింది. ఉత్తర జర్మనీలో హెర్మాన్స్‌బర్గ్ అనే పల్లెటూరి పాదిరి లూయీ హార్మ్స్ 1849లో మొదలెట్టిన మిషన్‌కు డబ్బు ఇచ్చింది ఎక్కువగా అక్కడి రైతులు. ఆ మిషన్ తరఫున ఆగస్ట్ మిలియస్ 1865 ప్రాంతంలో దక్షిణ తెలుగు నేలకు వచ్చాడు. సూళ్లూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి, వెంకటగిరి, తిరుపతి, ఇటు వడమాలపేట పక్కనున్న పుత్తూరు, అటు కోడూరు అన్నీ ఆ మిషన్ కేంద్రాలే. 1912 ప్రాంతంలో పుత్తూరు, కోడూరు అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ దొరలను శత్రుదేశస్థులని నిర్బంధించాక మిగతావీ వాళ్లకే దక్కాయి. 1945లో ఇవన్నీ కలిసి తిరుపతి కేంద్రంగా సౌత్ ఆంధ్రా లూథరన్ చర్చి అయ్యాయి.

దొరలంతా సత్యహరిశ్చంద్రులని చెప్పబోవడం లేదు. కానీ ప్రతి రూపాయికీ సముద్రం అవతల ఒక బోర్డు లెక్క అడిగేది. బడికెంత, ఉపదేశి జీతమెంత, బావి తవ్వకానికెంత, అన్నీ ఏటేటా రాసి పంపాలి. డబ్బుకూ విశ్వాసానికీ ముడిపడితే ఏమవుతుందో వాళ్లలో కొందరికి బాగా తెలుసు. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పని జరిగినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. కూలి కోసం, గింజల కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని అతని పట్టుదల. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్య అందరూ చెప్పుకుంటారు. అంతకుముందు నెలల తరబడి ఆపిన సంగతి తక్కువమంది చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక లోపం మిగిలిపోయింది. జీతం ఇచ్చేదీ లెక్క అడిగేదీ జర్మనీయో అమెరికాయో. గుడిలో కింద కూర్చున్న దళిత కుటుంబానికి ఆ లెక్క పుస్తకం చూపించే అలవాటు ఎవరూ చెయ్యలేదు. దొర వెళ్లిపోయినప్పుడు బంగళా, బడి, సమాధుల దొడ్డి, పట్టణం నడిబొడ్డున ఎకరాల కొద్దీ మిషన్ కాంపౌండ్ మిగిలాయి. అడిగేవాళ్లు మాత్రం పోయారు. ఆంధ్రాలోని పాత మిషన్ సంఘాల్లో ఎన్నికల గొడవలు, కోర్టు వాయిదాలు, దుకాణాల లీజులు దశాబ్దాలుగా నలుగుతున్నాయంటే, ఆ తగాదా వాక్యం గురించి కాదు, గజం రేటు గురించి.

ఆ మిషన్ వ్యవస్థ మీద విసుగుతోనే స్వతంత్ర సంఘాలు పుట్టాయి. మొదటి తరం వాళ్లు వేరే మనుషులు. కెనడాలో బాప్తిస్మం పొంది 1933లో తిరిగొచ్చిన పంజాబీ భక్త్ సింగ్, 1941లో మద్రాసులో, తర్వాత హైదరాబాదులో హెబ్రోను పేరుతో సంఘాలు కట్టాడు. జీతం తీసుకోలేదు. విదేశీ మిషన్ దగ్గర చెయ్యి చాపలేదు. అవసరాన్ని మనుషులకు చెప్పకూడదు, దేవుడికే చెప్పుకోవాలని ఆయన నియమం. 2000లో ఆయన పోయేనాటికి తెలుగు నేలంతా ఆ సంఘాలున్నాయి. ఆయన పద్ధతిలో నిజాయితీ ఉంది, కానీ పద్ధతంతా ఆ మనిషి మీదే నిలబడింది. దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదన్న మాట భక్త్ సింగ్ నోట ఒకటి, మరొకడి నోట ఇంకొకటి.

ఆ మరొకడికి సిద్ధాంతం అమెరికా నుంచి వచ్చింది. ఓక్లహోమా ప్రసంగికుడు ఓరల్ రాబర్ట్స్ కానుకను విత్తనం అన్నాడు. దేవుడి నేలలో నాటితే ఇంతలింతలుగా పండి తిరిగొస్తుందన్నాడు. 1987లో 80 లక్షల డాలర్లు పోగవకపోతే దేవుడు తనను తీసుకుపోతాడని టీవీలో ప్రకటించాడు. చివర్లో 13 లక్షల డాలర్లు ఇచ్చి గండం గట్టెక్కించింది ఫ్లోరిడాలో కుక్కల పందేలు నడిపే ఆసామి! అదే కాలపు జిమ్ బేకర్ వెయ్యి డాలర్లిస్తే తన హోటల్లో ఏటా ఉచిత బస అంటూ, ఉన్న గదులకు మించి సభ్యత్వాలు అమ్మాడు. 1989లో 45 ఏళ్ల శిక్ష పడింది, తర్వాత తగ్గింది. జైల్లో కూర్చుని బైబిలు మొదటి నుంచి చివరిదాకా చదివాకే తన బోధ తప్పని తెలిసిందని బయటికొచ్చి పుస్తకం రాశాడు.

ఆ విత్తనం క్యాసెట్లలో, తర్వాత టీవీ చానళ్లలో మన పల్లెలకు చేరింది. చానల్‌లో అరగంట కావాలంటే స్లాట్ కొనాలి. స్లాట్‌కు డబ్బు కావాలంటే ఆ అరగంటలోనే అడగాలి. అందుకే వాక్యం పది నిమిషాలైతే, ఖాతా నంబరు తెర కింద అరగంటా పరిగెడుతూ ఉంటుంది. ఇప్పుడు దాని పక్కన క్యూఆర్ కోడ్.

స్వస్థత సభల తంతు ఒకసారి దగ్గరగా చూడండి. షామియానా, కీబోర్డు, చెవులు చిల్లులు పడే సౌండు పెట్టెలు. ముందు పాటలు, తర్వాత సాక్ష్యాలు. సాక్ష్యం చెప్పడానికి స్టేజీ ఎక్కేది అప్పు తీరినవాళ్లు, పిల్లలు పుట్టినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు. రానివాళ్లకు మైకు దొరకదు. తర్వాత చిన్న సీసాల్లో ప్రార్థన చేసిన నూనె. ఆఖరున కవర్లు పంచుతారు. కవరు మీద పేరు, ఊరు, సెల్ నంబరు, ప్రార్థన అంశం అని అచ్చు గీతలు, అడుగున రూపాయలు అని ఇంకో గీత. మామిడి కోతల కూలి డబ్బులోంచి నూరో రెండొందలో తీసి, మడతలు సరిచేసి ఆ కవర్లో పెట్టే అమ్మ ఇంట్లో రోజూ వండేముందు దేవుడికని పిడికిలి బియ్యం తీసి పెట్టే మనిషి కూడా. ఆమెను అమాయకురాలని నవ్వేవాళ్లంటే నాకు గిట్టదు. వడ్డీ వ్యాపారి దగ్గర, ప్రైవేటు ఆస్పత్రి దగ్గర, చీటీల కంపెనీ దగ్గర చదువుకున్నవాళ్లు మోసపోయిన దానికంటే ఆమె మోసపోయింది తక్కువే.

మొక్క రాకపోతే ఏమవుతుంది? తప్పు విత్తనానిది కాదు, నేలది. నీ విశ్వాసం చాలలేదు, ఇంకా నాటు. ఓడినా గెలిచినా డబ్బు ఒకవైపుకే పోయేలా అల్లిన మాట ఇది. టెట్జెల్ కూడా ఇంత గట్టి ఏర్పాటు చేసుకోలేకపోయాడు. ఇక మధుమేహం, క్యాన్సర్ లాంటి జబ్బులు మంత్రంతోనో మహిమతోనో నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వాల్‌పోస్టర్లు అంటించేవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఊళ్లో పాస్టర్లందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. నాలుగు పల్లెలు పాత స్కూటరు మీద తిరిగి, పెళ్లికీ చావుకీ నిలబడి, నెలకు ఎంతొస్తుందో తెలియని పాస్టరుగారే ఎక్కువ. గత ప్రభుత్వం నెలకు 5,000 గౌరవ వేతనం ఇచ్చినప్పుడు ఆ సొమ్ము అవసరమైన ఇళ్లు నిజంగానే ఉన్నాయి. ఇక్కడ చెబుతున్నది కారు మారిన ప్రతిసారీ దాన్ని దేవుడి దీవెనగా చూపించేవాళ్ల గురించి.

వాళ్లకు చట్టంలోని ఖాళీ బాగా కలిసొచ్చింది. గుడి ఆస్తులకు 1987 దేవాదాయ చట్టం ఉంది. మసీదు, దర్గా ఆస్తులకు వక్ఫ్ బోర్డు ఉంది. ప్రార్థన మందిరానికి అలాంటిదేమీ లేదు. పద్ధతిగలవాళ్లు 2001 సొసైటీల చట్టం కింద నమోదు చేసుకుంటారు, లేదా ట్రస్టు డీడ్ రాసుకుంటారు. పద్ధతి లేనివాళ్లు స్థలం తమ పేరునో భార్య పేరునో రాయించుకుంటారు. కానుకలతో కట్టిన మందిరం అప్పుడు సొంతిల్లు. కొడుకు పెద్దవాడయ్యాక పాస్టరు పదవీ వారసత్వమే. ఇక 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే. మతం రాయిస్తే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది కాబట్టి ఆదివారం మందిరంలో కూర్చునే చాలామంది కాగితాల మీద క్రైస్తవులు కారు. సంఘం లెక్క చెప్పమని కోర్టుకెళ్తే ముందు తాను ఆ సంఘంవాడినని చెప్పాలి. ఆ ఒక్క మాటకు ఎంత పోగొట్టుకోవాలో అతనికి తెలుసు. పాస్టరుకూ తెలుసు.

పాత, పెద్ద సంఘాలైతే సురక్షితమని అనుకోవడానికీ లేదు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల కతోలికులు కడప మేత్రాసనం కిందికి వస్తారు. 2016 ఏప్రిల్‌లో కడప బిషప్ గల్లెల ప్రసాద్‌ను కిడ్నాప్ చేసి కొట్టి వదిలారు. అరెస్టయినవాళ్లలో అదే మేత్రాసనం ఫాదర్లు ఉన్నారు. రెండేళ్ల తర్వాత మేత్రాసనం డబ్బు దుర్వినియోగమైందని కొందరు విశ్వాసులు కోర్టుకెక్కారు. 2018 డిసెంబరులో ఆయన రాజీనామాను పోపు ఆమోదించారు. ఆరోపణను రుజువుగా తీసుకోకూడదు. కానీ ప్రతి మేత్రాసనానికీ ఆర్థిక మండలి ఉండి తీరాలని కతోలిక ధర్మశాస్త్రంలోనే రాసి ఉన్నా, డబ్బు గొడవ కిడ్నాపు దాకా, కోర్టు దాకా పోయింది. కేరళ మనిషి అమెరికాలో పెట్టిన గాస్పెల్ ఫర్ ఏషియా మీద, ఇండియా పేదల పేరు చెప్పి తెచ్చిన డబ్బు దారి మళ్లిందని దాతలే దావా వేశారు. 2019లో ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 3 కోట్ల 70 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. ఇండియాలోని దాని అనుబంధ సంస్థల విదేశీ నిధుల అనుమతిని మన కేంద్రం 2017లోనే రద్దు చేసింది. దక్షిణ కొరియాలో ప్రపంచంలోనే అతిపెద్ద సంఘం నడిపిన డేవిడ్ యాంగీ చోకు 2014లో శిక్ష పడింది. కొడుకు షేర్లను సంఘం డబ్బుతో ఎక్కువ ధరకు కొనిపించాడని ఫిర్యాదు చేసింది బయటివాళ్లు కాదు, ఆ సంఘ పెద్దలే.

ఇది చర్చిల సంగతే కాదు. వడమాలపేట మండలంలోనే అప్పలాయగుంటలో టీటీడీ నడిపే ప్రసన్న వేంకటేశ్వరుడి గుడి ఉంది. అదే టీటీడీ తిరుమల కొండమీద హుండీ డబ్బు లెక్కించే పరకామణిలో 2023 ఏప్రిల్‌లో ఒక గుమాస్తా విదేశీ నోట్లు దాచుకుంటూ దొరికాడు. కేసు రాజీ చేశారని రచ్చయి, 2025లో హైకోర్టు దాన్ని సీఐడీకి అప్పగించింది. దొంగలు అన్నిచోట్లా ఉంటారు. లెక్కపెట్టే గది, కెమెరా, రిజిస్టరు ఉన్నచోట కనీసం దొరుకుతారు.

దేవుడికిచ్చింది లెక్క అడగకూడదని మనవాళ్లు తరచూ అంటుంటారు. బైబిలు చదివేవాళ్లే ఆ మాట అనడం వింత. యేసు బృందంలో డబ్బు సంచి మోసింది యూదా ఇస్కరియోతు, అందులోంచి తీసుకునేవాడని యోహాను సువార్తే చెబుతుంది. ఎలీషా వద్దన్న కానుక కోసం నయమాను రథం వెంట పరిగెత్తిన గేహజీకి కుష్ఠు వచ్చింది. గుడారాలు కుట్టి బతికిన పౌలు, యెరూషలేము పేదలకు చందా పోగుచేసినప్పుడు, తన మీద నింద రాకూడదని సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంట పంపాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. దశమభాగం గురించి మలాకీని ప్రతి ఆదివారం వినిపించే వేదికల మీద ఈ అధ్యాయం అంతగా వినపడదు.

అడగదలిస్తే దారి పెద్ద దూరమేమీ లేదు. సొసైటీ అయితే బైలాలు, కార్యవర్గం పేర్లు జిల్లా రిజిస్ట్రారు దగ్గర ఉంటాయి. మందిరం సర్వే నంబరు తెలిస్తే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించుకోవచ్చు. ఆ స్థలం ఎప్పుడు, ఎంతకు, ఎవరి పేరున కొన్నారో అందులో వరుసగా ఉంటుంది.